జోసెఫ్ విట్‌వర్త్

సర్ జోసెఫ్ విట్‌వర్త్ (1803 డిసెంబరు 21 – 1887 జనవరి 22) పందొమ్మిదవ శతాబ్దానికి చెందిన ఆంగ్లేయ ఇంజనీరు, యంత్రనిర్మాత. మరల చుట్లకు దేశమంతటా ఒకే కొలత ఉండాలని ప్రతిపాదించి, దానిని ఆచరణలోకి తెచ్చినవాడుగా ఇతడు ప్రసిద్ధుడు. భారతదేశంలో కూడా మెట్రిక్ మరలు రాకముందు వర్క్‌షాపులలో పనిచేసినవారికి విట్‌వర్త్ మర అన్న మాట సుపరిచితమే. ఆ పేరు వెనుక ఒక మనిషి ఉన్నాడని మాత్రం చాలామందికి తెలియదు. ఇతడు చేసిన మరొక ముఖ్యమైన పని, తుపాకి గొట్టం లోపలి గాడుల మెలిక ఎంత ఉండాలన్న ప్రశ్నకు ఊహతో కాక ప్రయోగాలతో సమాధానం కనుగొనడం. ఆ సమాధానాన్ని బ్రిటిషు సైన్యం మొదట తిరస్కరించింది. పద్నాలుగేళ్ళ తరువాత ఇంచుమించు అదే కొలతను స్వీకరించింది.

బాల్యం, విద్య

విట్‌వర్త్ ఇంగ్లండులోని చెషైర్ ప్రాంతానికి చెందిన స్టాక్‌పోర్ట్ పట్టణంలో జన్మించాడు. తండ్రి చార్లెస్ విట్‌వర్త్ బడిపంతులు, ఆ తరువాత క్రైస్తవ మతబోధకుడు అయ్యాడు. బాల్యంలోనే తల్లి మరణించింది. కొంతకాలం లీడ్స్ సమీపంలోని ఐడిల్ అనే ఊరిలో చదువుకొని, పద్నాలుగవ ఏట డెర్బీషైర్‌లో నూలుమిల్లు నడుపుతున్న మేనమామ వద్ద పనికి కుదిరాడు. వ్యాపారం నేర్చుకొని మిల్లులో భాగస్వామి కావాలన్నది పెద్దల ఆలోచన. ఆ కుర్రవాడి దృష్టి నూలు మీద కాక మిల్లు యంత్రాల మీద పడింది. ఆ యంత్రాల పనితనం ఎంత మొరటుగా ఉందో గమనించాడు. కొన్నేళ్ళకు అక్కడినుండి వెళ్ళిపోయి మాంచెస్టరులో సాధారణ మెకానిక్‌గా చేరాడు.

1825లో ఫానీ ఆంకర్స్‌ను వివాహమాడి, అదే సంవత్సరం లండన్ చేరుకున్నాడు. అక్కడ హెన్రీ మాడ్‌స్లే కర్మాగారంలోను, ఆ తరువాత హోల్ట్‌జాఫెల్, జోసెఫ్ క్లెమెంట్‌ల వద్దను పనిచేశాడు. చార్లెస్ బాబేజి గణన యంత్రపు భాగాలను తయారుచేసినది ఈ క్లెమెంటే. ఆ కాలంలో ఇంగ్లండులో అత్యంత సూక్ష్మమైన లోహపు పని జరిగే చోటులన్నీ ఈ విధంగా విట్‌వర్త్ చూశాడు. విశ్వవిద్యాలయం గడప తొక్కని ఇతనికి అసలు చదువు ఇదేనని చెప్పాలి.

మాంచెస్టరు కర్మాగారం

1833లో మాంచెస్టరుకు తిరిగివచ్చి, ఆవిరి శక్తి సౌకర్యం ఉన్న ఒక గదిని అద్దెకు తీసుకొని పనిముట్ల తయారీ ప్రారంభించాడు. లేత్‌లు, చిత్రిక యంత్రాలు, రంధ్రాలు తొలిచే యంత్రాలు ఇక్కడ తయారయ్యేవి. 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశంలో సమతల పలకలను తయారుచేసే విధానంపై పత్రం సమర్పించాడు. రెండు లోహపు పలకలు ఒకదానితో ఒకటి సరిగా అతికినంత మాత్రాన అవి సమతలాలు అని చెప్పలేము. ఒకటి కొంచెం ఉబ్బుగా, రెండవది అంతే గుంటగా ఉన్నా అతుకుతాయి. మూడు పలకలను తీసుకొని, ఏ రెండింటిని కలిపినా అతికేవరకు ఎత్తుగా ఉన్నచోట గీకుతూ పోతే మూడూ సమతలాలు కాక తప్పదు. ఈ పద్ధతి అంతకుముందే లండన్ కర్మాగారాలలో కొందరికి తెలిసినా, దానిని ఆకురాతితో నూరడం నుండి తప్పించి, గీకుడు పనిగా క్రమబద్ధం చేసి లోకానికి వివరించిన ఖ్యాతి విట్‌వర్త్‌ది.

మరుసటి సంవత్సరం, 1841లో, మరల చుట్లపై తన పత్రాన్ని సివిల్ ఇంజనీర్ల సంస్థకు సమర్పించాడు. అప్పటివరకు ఏ కర్మాగారం మరలు ఆ కర్మాగారానివే. ఒకచోట చేసిన బోల్టుకు మరొకచోటి నట్టు పట్టేది కాదు. విట్‌వర్త్ వివిధ కర్మాగారాల బోల్టులను సేకరించి, వాటి సగటును ఆధారం చేసుకొని, చుట్టు కోణం 55 డిగ్రీలుగాను, ఒక్కొక్క వ్యాసానికి అంగుళానికి ఇన్ని చుట్లుగాను నిర్ణయించాడు. రైల్వేలు ఈ ప్రమాణాన్ని స్వీకరించడంతో ఇది దేశమంతటా వ్యాపించింది. అంగుళంలో పది లక్షలవ వంతు తేడాను కూడా పట్టుకొనే కొలత యంత్రాన్ని సైతం ఇతడు నిర్మించాడు. 1851 లండన్ మహాప్రదర్శనలో ఇతని యంత్రాలకు సాటిరాగలవి లేకపోయాయి.

సైన్యం నుండి వచ్చిన పిలుపు

1854లో క్రిమియా యుద్ధం జరుగుతుండగా, బ్రిటిషు సర్వసేనాధిపతి లార్డ్ హార్డింజ్ విట్‌వర్త్ సహాయం కోరాడు. 1844 నుండి 1848 వరకు భారతదేశ గవర్నరు జనరలుగా ఉన్న హార్డింజ్ ఇతడే. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను పెద్దసంఖ్యలో తయారుచేయడానికి యంత్రాలు రూపొందించమని కోరడం జరిగింది. మూడేళ్ళ తరువాత భారతదేశంలో కొవ్వు పూసిన తూటాల వివాదానికి కారణమైనది కూడా ఈ ఎన్‌ఫీల్డ్ రైఫిలే.

విట్‌వర్త్ ఎన్‌ఫీల్డ్ గొట్టాలను తనదైన పద్ధతిలో కొలిచాడు. వాటిలో కొన్ని బాగా కాల్చేవి, కొన్ని కాల్చేవి కావు; ఎందుకో చేసినవారికి కూడా తెలియదు. మంచి గొట్టం ఏదో తెలియకుండా దానిని లక్షల సంఖ్యలో చేసే యంత్రాలు నిర్మించడం అర్థంలేని పని అని, ముందుగా ఆ సంగతి ప్రయోగాలతో తేల్చుకోవాలని ఇతడు సమాధానమిచ్చాడు. ప్రయోగాల ఖర్చు ప్రభుత్వం భరించడానికి అంగీకరించింది. విట్‌వర్త్ తన శ్రమకు ప్రతిఫలం తీసుకోలేదు.

మెలిక అంటే ఏమిటి

ఇక్కడ విషయం అర్థం కావడానికి కొంత వివరణ అవసరం. రైఫిలు గొట్టం లోపల నున్నగా ఉండదు. మరలో ఉన్నట్లే చుట్టుకుంటూ పోయే గాడులు ఉంటాయి. వాటిని పట్టుకొని ముందుకు సాగే గుండు తన చుట్టూ తాను తిరుగుతూ బయటికి వస్తుంది. గాడి ఒక పూర్తి చుట్టు తిరగడానికి గొట్టం పొడవులో ఎంత దూరం పడుతుందో అదే మెలిక కొలత. 78 అంగుళాలకు ఒక చుట్టు అంటే వదులు మెలిక, 20 అంగుళాలకు ఒక చుట్టు అంటే బిగువు మెలిక. ఎన్‌ఫీల్డ్ గొట్టం పొడవు 39 అంగుళాలు, మెలిక 78 అంగుళాలకు ఒక చుట్టు. అంటే గొట్టం దాటేసరికి గుండు సరిగ్గా అర చుట్టు మాత్రమే తిరిగేది.

తిరగడం వలన ప్రయోజనం ఏమిటో బెంజమిన్ రాబిన్స్ అనే గణితవేత్త 1742లో వెలువడిన తన ఫిరంగిశాస్త్ర గ్రంథంతోను, తరువాతి పత్రాలతోను స్పష్టం చేశాడు. (ఈస్టిండియా కంపెనీ కోటలను బాగుచేయడానికి మద్రాసు తీరానికి వచ్చిన ఈ రాబిన్స్ 1751లో కడలూరు వద్ద సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.) గుండ్రని గుండు విషయంలో కొద్దిపాటి భ్రమణం సరిపోతుంది. పొడవైన, ముందు మొన గల గుండు సంగతి వేరు. దానికి ఎదురయ్యే గాలి ఒత్తిడి గరిమనాభి వద్ద కాక దానికి ముందుగా, మొన వైపున పనిచేస్తుంది. ఆ ఒత్తిడి గుండును అడ్డంగా పడగొట్టాలని చూస్తుంది. తిరుగుతున్న బొంగరాన్ని పక్కకు నెట్టితే అది పడిపోకుండా మెల్లగా తల తిప్పుతుందే, అదే విధంగా తిరుగుతున్న గుండు కూడా మొన ముందుకే ఉంచుకొని సాగుతుంది. బొంగరం వేగం తగ్గితే తూలుతుంది. భ్రమణం చాలని గుండు కూడా తూలి, అడ్డం తిరిగి, గురి పలకకు పక్కవాటుగా తగులుతుంది. అటువంటి రంధ్రం గుండ్రంగా కాక తాళపుచెవి దూరే కంతలాగా ఉంటుంది.

గుండు ఎంత పొడవైతే దానిని పడగొట్టే శక్తి అంత ఎక్కువ, కనుక మెలిక అంత బిగువుగా ఉండాలి. గుండు పొడవుగా ఉండవలసిన అవసరం ఏమిటంటే, ఒకే బరువు గల రెండు గుండ్లలో సన్నగా పొడవుగా ఉన్నదానిని గాలి తక్కువగా అడ్డుకుంటుంది. అది దూరం పోయినా వేగాన్ని నిలుపుకుంటుంది. అయితే మెలికను ఇష్టం వచ్చినంత బిగించడానికి కూడా వీలులేదు. మెత్తని సీసం గాడులను పట్టుకోలేక చీరుకుపోతుంది, రాపిడి పెరుగుతుంది, గుండు పోతలో ఉన్న చిన్న లోపం కూడా అతివేగపు భ్రమణం వలన గురిని చెదరగొడుతుంది. ఈ రెండింటి మధ్య సరైన చోటు ఏది అన్నదే విట్‌వర్త్ ముందున్న ప్రశ్న.

ఫాలోఫీల్డ్ ప్రయోగాలు

మాంచెస్టరు పొలిమేరలోని ఫాలోఫీల్డ్‌లో విట్‌వర్త్ నివాసమైన ఫర్స్ అనే భవనం ఆవరణలో 500 గజాల పొడవున పైకప్పుతో ఒక కాల్పుల శాల నిర్మించారు. గాలివాటం గుండును పక్కకు నెట్టకూడదని ఈ ఏర్పాటు. మొదట కట్టిన శాల తుఫాను గాలికి కూలిపోగా మళ్ళీ కట్టి, 1855లో పని ప్రారంభించారు. శాల పొడవునా కొంత కొంత దూరానికి పలుచని కాగితపు తెరలను వేలాడదీశారు. గుండు ఒక్కొక్క తెరను చీల్చుకొని పోయినప్పుడు మిగిలే రంధ్రం, అది ఆ చోట ఎంత ఎత్తున ఉన్నదో, మొన ముందుకు ఉన్నదో లేక అడ్డం తిరిగినదో చెప్పేస్తుంది. ఎంత సులువైన ఉపాయం!

విట్‌వర్త్ ఒక్కొక్క కొలతను మారుస్తూ పరీక్షించాడు. ఎన్‌ఫీల్డ్ మెలికతో మొదలుపెట్టి అంతకంతకు బిగువైన మెలికలతో గొట్టాలు చేయించాడు. చివరకు అంగుళానికి ఒక పూర్తి చుట్టు తిరిగే గొట్టాన్ని కూడా చేసి కాల్చి చూశాడు. అటువంటి తుపాకి సైనికునికి పనికిరాదని ఇతనికి తెలియనిది కాదు. సరైన కొలత దొరకాలంటే దానికి రెండు వైపులా ఎంత దూరం పోవచ్చో తెలియాలన్నది ఇతని పద్ధతి.

ఇతడు తేల్చిన కొలతలు ఇవి. గొట్టం లోపలి వ్యాసం 0.45 అంగుళం (ఎన్‌ఫీల్డ్‌ది 0.577), మెలిక 20 అంగుళాలకు ఒక చుట్టు, గుండు బరువు ఎన్‌ఫీల్డ్ గుండు బరువే, అనగా 530 గ్రెయిన్లు. అదే బరువును సన్నని గొట్టంలో ఇమిడ్చేసరికి గుండు పొడవుగా సాగింది. మెత్తని సీసం చీరుకుపోకుండా ఉండడానికి గాడులకు బదులు గొట్టం లోపలి ఆకారాన్నే ఆరు పలకలుగా చేసి, ఆ మెలికకు సరిపోయే ఆరు పలకల గుండును తయారుచేశాడు. నట్టులో బోల్టు జారినట్లు గుండు గొట్టంలో జారుతుంది. మరల చుట్లతో జీవితమంతా గడిపిన మనిషికి తోచవలసిన ఆలోచనే ఇది.

రెండు తుపాకుల గుండ్లూ సెకనుకు 1,200 అడుగుల వేగంతో వెలువడినాయని అనుకుంటే, ఎన్‌ఫీల్డ్ గుండు సెకనుకు సుమారు 185 సార్లు, విట్‌వర్త్ గుండు 720 సార్లు తిరుగుతాయి.

1857 పరీక్షలు, తిరస్కరణ

1857 ఏప్రిల్‌లో కెంట్ తీరంలోని హైత్ సైనిక కాల్పుల పాఠశాలలో రెండు రైఫిళ్ళను పోటీ పెట్టారు. 500 గజాల దూరంలో ఎన్‌ఫీల్డ్ గుండ్లు సగటున 27 అంగుళాలు చెదిరితే, విట్‌వర్త్ గుండ్లు నాలుగున్నర అంగుళాలు మాత్రమే చెదిరాయి. 1,100 గజాల వద్ద ఎన్‌ఫీల్డ్ చెదురు ఎనిమిది అడుగులు, విట్‌వర్త్‌ది ఇంచుమించు రెండున్నర అడుగులు. అంతకు మించిన దూరాలలో ఎన్‌ఫీల్డ్‌ను పోల్చడానికే వీలులేకపోయింది. అర అంగుళం మందం గల ఎల్మ్ చెక్కలను వరుసగా నిలిపి కాల్చినప్పుడు ఎన్‌ఫీల్డ్ గుండు డజను చెక్కల వద్ద ఆగిపోగా, విట్‌వర్త్ గట్టిలోహపు గుండు ముప్పైకి పైగా చెక్కలను దాటింది.

ఇంతటి విజయం తరువాత కూడా సైన్యం ఈ రైఫిలును స్వీకరించలేదు. ఇతనిని ప్రోత్సహించిన హార్డింజ్ 1856లోనే మరణించాడు. 0.45 అంగుళం వ్యాసం సైనిక ఆయుధానికి మరీ చిన్నదని అధికారులు అభిప్రాయపడ్డారు. నల్లమందు మసి గొట్టంలో పేరుకున్నకొద్దీ బిగుతుగా అమరే గుండును మూతివైపు నుండి దించడం కష్టమయ్యేది. ధర ఎన్‌ఫీల్డ్‌కు దాదాపు నాలుగు రెట్లు. ఈ అభ్యంతరాలు ఉత్తవి కావని ఒప్పుకోవాలి. యుద్ధరంగంలో ఇరవై, ముప్పై సార్లు కాల్చిన తరువాత కూడా సామాన్య సైనికుడు గుండు నింపుకోగలగాలి. విట్‌వర్త్ మాత్రం తన కొలతలలో వెంట్రుకవాసి మార్పుకు కూడా ఒప్పుకొనే మనిషి కాదు. తన వస్తువును ఇతరుల అవసరానికి తగినట్లు మలచడం కంటె, ఇతరులే దాని స్థాయికి రావాలని కోరుకునేవాడు.

నిజానికి ఆరు పలకల ఆకారం అంత ముఖ్యమైనది కాదని తరువాత తేలింది. రిగ్బీ, హెన్రీ, మెట్‌ఫోర్డ్ వంటివారు వేరే రకాల గాడులతో, అదే చిన్న వ్యాసంతో, బిగువు మెలికతో సమానమైన ఫలితాలు సాధించారు. లోకం గుర్తుపెట్టుకున్నది ఆరు పలకలను; ఇతడు అసలు కనుగొన్నది మెలికకు, గుండు పొడవుకు గల సంబంధాన్ని.

1863 నమూనాగా కొన్నివేల విట్‌వర్త్ రైఫిళ్ళను సైన్యం ప్రయోగాత్మకంగా చేయించినా వాటికి మించి సాగలేదు. చివరకు 1871లో బ్రిటిషు సైన్యం మార్టినీ-హెన్రీ రైఫిలును స్వీకరించింది. దాని వ్యాసం 0.45 అంగుళం, మెలిక 22 అంగుళాలకు ఒక చుట్టు. మరీ చిన్నదని తోసిపుచ్చిన వ్యాసమే ఇది.

వింబుల్డన్, అమెరికా

1860 జూలై 2న వింబుల్డన్ మైదానంలో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించింది. కదలని ఇనుప ఆధారంపై విట్‌వర్త్ తానే అమర్చిన రైఫిలుకు కట్టిన పట్టుతాడును రాణి లాగగా, 400 గజాల దూరంలోని గురి పలక కేంద్రానికి ఒకటింబావు అంగుళం దూరంలో గుండు తగిలింది. ఆ ఏడాది రాణి బహుమతిని ఎడ్వర్డ్ రాస్ అనే యువకుడు విట్‌వర్త్ రైఫిలుతో గెలుచుకున్నాడు.

అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలు ఈ రైఫిళ్ళను కొద్దిసంఖ్యలో తెప్పించుకొని, ఎంపిక చేసిన గురికాండ్రకు ఇచ్చాయి. 1864 మే 9న స్పాట్సిల్వేనియా వద్ద ఉత్తరాది సేనాని జాన్ సెడ్జ్‌విక్ చాలా దూరం నుండి వచ్చిన గుండు తగిలి మరణించాడు. తలలు దించుకొంటున్న సైనికులను, అంత దూరం నుండి ఏనుగును కూడా కొట్టలేరని మందలించిన కొద్దిసేపటికే ఇది జరిగింది. ఆ గుండు విట్‌వర్త్ రైఫిలుదేనని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

గ్రీన్‌హిల్ సూత్రం

విట్‌వర్త్ ప్రయోగాలతో కనుగొన్నదానిని 1879లో వూలిచ్‌లో ఫిరంగి అధికారులకు గణితం బోధించే ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సూత్రంగా మలిచాడు. గుండు పొడవు దాని వ్యాసానికి ఎన్ని రెట్లో ఆ సంఖ్యతో 150ని భాగించాలి. వచ్చినదానిని వ్యాసంతో గుణిస్తే మెలిక దూరం తెలుస్తుంది. వ్యాసానికి మూడు రెట్లు పొడవున్న 0.45 అంగుళం గుండుకు లెక్కవేస్తే 22.5 అంగుళాలు వస్తుంది. విట్‌వర్త్ 20, మార్టినీ-హెన్రీ 22 అంగుళాల కొలతలు దీనికి ఎంత దగ్గరగా ఉన్నాయో పాఠకులు గమనించగలరు. ఈ సూత్రం సీసపు గుండ్లకు, ఆనాటి వేగాలకు ఉద్దేశించినది.

తరువాతి కాలపు తుపాకులకు కూడా ఇదే న్యాయం వర్తించింది. వ్యాసం 0.303 అంగుళానికి తగ్గిన లీ-మెట్‌ఫోర్డ్‌లో మెలిక 10 అంగుళాలకు ఒక చుట్టు అయింది. అమెరికా ఎం-16 రైఫిలు తొలి రూపంలో మెలిక 14 అంగుళాలు ఉండేది. శీతల ప్రదేశాల చిక్కని గాలిలో గుండు నిలకడ తప్పుతున్నదని దానిని 12కు, ఆ తరువాత మరింత పొడవైన గుండ్ల కోసం 7 అంగుళాలకు బిగించారు.

ఫిరంగులు, ఉక్కు

ఆరు పలకల గొట్టాన్నే విట్‌వర్త్ ఫిరంగులకు కూడా వర్తింపజేశాడు. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధంలో దక్షిణాది సేన వద్ద ఇటువంటి ఫిరంగులు రెండు ఉండేవి. బ్రిటిషు ప్రభుత్వం మాత్రం విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ ఫిరంగిని ఎంచుకుంది. ఇద్దరి మధ్య పోటీ పత్రికలలోను, విచారణ సంఘాలలోను ఏళ్ళ తరబడి సాగింది. ఫిరంగి గొట్టాలు పగిలిపోకుండా ఉండడానికి, పోతపోసిన ఉక్కును ద్రవంగా ఉండగానే విపరీతమైన ఒత్తిడికి గురిచేసి లోపలి గాలిబుడగలను పోగొట్టే పద్ధతిని విట్‌వర్త్ అభివృద్ధి చేశాడు.

చివరి సంవత్సరాలు

1857లో ఇతడు రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1868లో యువ ఇంజనీర్ల కోసం ఏడాదికి వంద పౌండ్ల చొప్పున 30 విద్యార్థి వేతనాలను నెలకొల్పాడు. చేతిపని, పుస్తకజ్ఞానం రెండూ పరీక్షించి వీటిని ఇచ్చేవారు. 1869లో బారనెట్ బిరుదు లభించింది. మొదటి భార్య 1870లో మరణించగా, మరుసటి సంవత్సరం మేరీ లూయిసా ఆరెల్‌ను వివాహం చేసుకున్నాడు. సంతానం లేదు. డెర్బీషైర్‌లోని డార్లీ డేల్ వద్ద స్టాన్‌క్లిఫ్ భవనంలో నివసించాడు. ఇతడు ఇనుముతో ఒక బిలియర్డ్స్ బల్లను కూడా చేయించాడు. దాని ఉపరితలం ఎంత సమతలంగా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

ఆరోగ్యం క్షీణించిన తరువాత చలికాలం గడపడానికి వెళ్ళిన మాంటీ కార్లోలో 1887 జనవరి 22న మరణించాడు. డార్లీ డేల్‌లోని సెయింట్ హెలెన్ చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆస్తిలో అధికభాగం ప్రజోపయోగానికే చెందింది. మాంచెస్టరులోని విట్‌వర్త్ కళాప్రదర్శనశాల, విట్‌వర్త్ ఉద్యానవనం ఆ ధనంతో ఏర్పడినవే. ఇతని కర్మాగారం 1897లో చిరకాల ప్రత్యర్థి ఆర్మ్‌స్ట్రాంగ్ సంస్థలో విలీనమై ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ అనే పేరుతో కొనసాగింది.